ఇద్దరికే ఎందుకు ఊడుతోంది?

దిండు గలేబు తెచ్చి భర్త ముందు బల్ల మీద పరిచింది అత్తగారు. పుస్తకాలకు అట్టలు కట్టే పని ఆయనది. వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆయన బైండరుగారే. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తెల్లటి గుడ్డ మీద కొడుకు జుట్టు. ఒకటీ అరా కాదు, గుప్పెడు పైనే ఉంది.

"నిన్నటికంటే ఎక్కువ," అంది ఆవిడ. "ఇంక మీరు అట్టలకు జిగురు రాసుకుంటూ కూర్చోండి."

ఆయన ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన క్షుణ్ణంగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆవిడ నోరు తెరిచినప్పుడు తను మూసుకోవడం.

వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి చూస్తోంది. ఆ గలేబును పొద్దున్నే తీసి, అత్తగారి కంట పడకుండా తడిబట్టల అడుగున పెట్టింది తను. ఆవిడ ఆ అడుగు నుంచి లాగి మరీ తెచ్చింది. ఆ ఇంట్లో అత్తగారి కన్నుగప్పడం అంత తేలికైన పని కాదు.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగి చాలాసేపయింది. కొడుకు మాత్రం బయటికి రావడం లేదు.

అతనికి కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పెళ్ళినాటికి దువ్వెన దిగని జుట్టు. షాపులో తోటివాళ్ళు పేరుపెట్టి పిలవడం మానేసి 'జులపాలు' అని పిలిచేవారు. ఇప్పుడు ఆ షాపే అతనికి శత్రువైంది. ఏ గోడ చూసినా అద్దమే. వచ్చినవాళ్ళు కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో తమ ముఖం చూసుకుంటారు. వెనక నిలబడ్డ అతని తల కనపడగానే చూపు తిప్పేసుకుంటారు. ఈ మాట అతనే చెప్పాడు భార్యతో. నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ చివరికి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ షాపులో ఇప్పుడెవరూ అతన్ని ఏ పేరూ పెట్టి పిలవడం లేదట.

ఈ కొద్ది వారాల్లో ఇంట్లో ప్రతివాళ్ళూ వైద్యులైపోయారు. హెల్మెట్ చెమట అన్నారు, బండి మానేసి బస్సెక్కాడు. బోరునీళ్ళ ఉప్పు అన్నారు, కుళాయికి ఫిల్టరు బిగించారు. షాపులో అమ్మకాల ఒత్తిడి అన్నారు, సెలవు పెట్టాడు. పొట్ట తగ్గాలని రాత్రిళ్ళు అన్నం మానెయ్యడం వల్లే అన్నారు, మధ్యాహ్నం రెండింతలు తినిపించారు. ఏం చేసినా జుట్టు తన దారిన తను రాలుతూనే ఉంది.

చివరికి వంశం మీదికి వెళ్ళింది గొడవ. బట్టతల మేనమామ పోలిక అని బైండరుగారు ఎక్కడో విన్నాడు. ఖర్మకాలి ఆ పొద్దున ఆ మాట పైకే అనేశాడు.

"మా తమ్ముడి నెత్తి మీద మీకెందుకండీ అంత ప్రేమ?" అంది అత్తగారు. "వాడికి నలభై దాటాక కదా పల్చబడింది. ఇరవై ఏడేళ్ళవాడికి నెల తిరక్కుండా తలంతా ఊడుతుందా? మీ నాన్నగారి గుండు సంగతి నేనెప్పుడైనా ఎత్తానా?"

బైండరుగారు తన తెల్లటి ఒత్తు జుట్టు ఒకసారి సవరించుకుని మళ్ళీ టీ గ్లాసు అందుకున్నాడు. ఆ తల చూస్తే అత్తగారికి ఒళ్ళు మండింది. ఇంట్లో ఎవరికి ఉండాల్సిన జుట్టు ఎవరికుంది?

వంశం దగ్గర తెగకపోయేసరికి గొడవ కోడలి దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ వచ్చేది అక్కడికే. కోడలు లాండ్రీ కౌంటరులో పనిచేస్తుంది. లోపల యంత్రాల్లో బట్టలకు వేసే మందుల వాసన చీరకు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. ఆ వాసన వల్లే కొడుకు తల పాడైందని అత్తగారి అనుమానం. అలాగైతే రోజంతా ఆ వాసనలో ఉండే తన జడకు ఏమీ కాలేదెందుకని కోడలు ఒకసారి అడిగింది. అడిగినందుకు నాలుగు రోజులు మాటల్లేవు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఏమిటో ఆ నాలుగు రోజుల్లో ఆమెకు బాగా అర్థమైంది.

ఇవాళ అత్తగారు గొంతు పెంచలేదు. అదే కోడల్ని ఎక్కువ భయపెట్టింది.

"నిన్ను అనాలని కాదమ్మాయ్," అంది గలేబు మడతపెడుతూ. "ఉన్న మాట చెప్తున్నా. నువ్వీ ఇంట్లోకి వచ్చాకే వాడి తల ఇలా అయింది. అంతకుముందు లేదు."

కోడలు తల దించుకుంది. వచ్చింది నిజం. ఊడటం నిజం. రెంటికీ మధ్య ఏమీ లేదని చెప్పడానికి సాక్ష్యం ఏముంది?

స్నానాలగది తలుపు తెరుచుకుంది. అతను తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి హాలు మధ్యలో నిలబడ్డాడు. ముగ్గురినీ ఒకసారి చూసి తువ్వాలు తీసేశాడు.

నడినెత్తి నుంచి చెవుల దాకా అక్కడక్కడ కుచ్చులు మాత్రం మిగిలాయి. మధ్యమధ్య చర్మం తడిగా మెరుస్తోంది. అతను ఒక కుచ్చు పట్టుకున్నాడు. లాగలేదు. ఊరికే వేళ్ళ మధ్య ఉంచి చెయ్యి కిందికి దించాడు. కుచ్చు చేతిలోకి వచ్చేసింది.

"నొప్పి లేదమ్మా," అన్నాడు తల్లితో. "అసలు నొప్పే లేదు. అదే నాకు భయంగా ఉంది."

అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బైండరుగారు లేచి నిలబడి, ఎందుకు లేచాడో మర్చిపోయినవాడిలా మళ్ళీ కూర్చున్నాడు.

కోడలు వెళ్ళి భర్త మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంక లాభం లేదు, డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్దామంది. మొన్న రక్తం తీసుకున్నప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడింది. అది ఈ ఇంట్లో సగం మందే విన్నారు. వంశపు బట్టతల ఏళ్ళ తరబడి మెల్లగా నడుస్తుందనీ, నుదుటి దగ్గరో నడినెత్తినో మొదలై ఒక పద్ధతిలో పోతుందనీ చెప్పింది. ఇలా తలంతా ఒక్కసారిగా ఊడిందంటే కారణం ఒంట్లో అయినా ఉండాలి, బయటి నుంచి ఒంట్లోకి వెళ్ళినదైనా అయి ఉండాలి అంది. ఒంట్లో అంటే థైరాయిడ్, రక్తం తక్కువవడం, పెద్ద జ్వరం, కడుపు మాడ్చుకోవడం, మనసు మీద దెబ్బ. బయట అంటే తాగే నీళ్ళు, పనిచేసే చోటు మందులు, నోట్లోకి పోయే ఇంకేవైనా. రక్తం పరీక్షలు నిన్న వచ్చాయి. థైరాయిడ్ బాగుంది, రక్తం బాగుంది.

"ఒంట్లో ఏమీ లేదన్నారుగా," అన్నాడు అతను. "మళ్ళీ వెళ్ళి ఏం చేస్తాం?"

"కాళ్ళ సంగతి చెప్పాలి," అంది కోడలు.

అతను ఆమెవైపు కోపంగా చూశాడు. అరికాళ్ళు మండుతున్నాయా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని డాక్టరమ్మ అడిగినప్పుడు లేదని చెప్పాడు. భార్యకు తెలుసు అది అబద్ధమని. కొన్నాళ్ళుగా అతను దుప్పటి తగిలినా కాళ్ళు ముడుచుకుంటున్నాడు. మంచం దిగి చల్లటి గచ్చు మీద అరికాళ్ళు ఆనించి కూర్చుంటున్నాడు.

"జుట్టు కోసం వెళ్ళినవాణ్ణి కాళ్ళ గురించి ఏం చెప్తాను?" అన్నాడు.

"మంటా?" అంది అత్తగారు.

అతను తల ఊపాడు. ఆవిడ ముఖంలో రంగు పోయింది. చేతిలో మడతపెట్టిన గలేబును బల్ల మీద వదిలేసి, గోడ పట్టుకుని పెరటి వరండాలోకి వెళ్ళిపోయింది. గోడ పట్టుకుని నడవడం ఆవిడకు ఈ మధ్యే అలవాటైంది. వయసు మీద పడుతోందని అందరూ అనుకున్నారు, కోడలితో సహా.

కోడలు వెనకే వెళ్ళింది. అత్తగారు పీట మీద కూర్చుని, బకెట్లో నీళ్ళల్లో రెండు పాదాలూ పెట్టి ఉంది. కోడల్ని చూసి తీయబోయింది, మళ్ళీ ఏమనుకుందో ఊరుకుంది.

"మీకూనా అత్తయ్యా?"

బట్టలు ఉతికే బండ మీద కాకి వాలి ఎగిరిపోయింది. అత్తగారు మెల్లగా రెండు చేతులూ వెనక్కి పెట్టి ముడిలోంచి పిన్నులు ఒక్కొక్కటీ తీసింది. ముడి ఊడి వచ్చింది. అది ముడి కాదు, సవరం. నల్లదారంతో చుట్టి, నిండుగా కనపడేలా చేసిన సవరం. దాని కింద ఆవిడ తల పసిపిల్ల తలలా చిన్నదైపోయింది. వెనకభాగం మొత్తం ఖాళీ. చెవుల దగ్గర పీచులాంటి నాలుగు పాయలున్నాయి. వాటినే వెనక్కి దువ్వి, వాటికే పిన్నులు గుచ్చి ఇన్నాళ్ళూ లోకాన్ని నమ్మించింది.

పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో మసలిన మనిషి. ఆ ముడి వైపు తను ఎన్నిసార్లు చూసి ఉంటుంది. ఈ వయసులో కూడా ఎంత ముడి అని ఒకసారి మెచ్చుకుంది కూడా. అప్పుడు అత్తగారు విననట్టు పక్కకు వెళ్ళిపోయింది.

"ఎవరికీ చెప్పకు," అంది అత్తగారు. "ఆయనక్కూడా తెలియదు."

"ఎప్పటినుంచి?"

"వాడికి మొదలైనప్పుడే. ముందు నాకే మొదలైందేమో." ఆవిడ సవరాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని దారం సర్దుతోంది. "ఆడదాని తల ఇలా అయితే నవ్వుతారు. వయసులో ఉన్న మగపిల్లాడు, వాడి గొడవలో నా గొడవ ఏమిటని ఊరుకున్నా. దేనికీ దారి కనపడక నిన్ను అన్నాను. ఎవరినో ఒకర్ని అనకపోతే పిచ్చెక్కేలా ఉంది నాకు."

కోడలికి ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులో కోపం లేదు. ఇన్నాళ్ళూ గుచ్చిన మాటల వెనక ఇంత భయం దాగి ఉందని తెలిశాక ఎవరి మీద కోప్పడుతుంది? అయితే ఆ జాలి వెనకే ఇంకో ఆలోచన వచ్చి ఆమెను నిలబెట్టేసింది. ఒక్కరికి వస్తే జబ్బు. ఒకే ఇంట్లో ఇద్దరికి, ఒకేసారి, ఒకేలా వస్తే దాన్ని ఏమనాలి?

ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని లేపింది. సవరం పెట్టుకోబోతే వద్దంది. "ఇలాగే రండి అత్తయ్యా. వాళ్ళు చూడాలి."

హాల్లోకి వచ్చిన తల్లిని చూసి అతను లేచి నిలబడ్డాడు. బైండరుగారు మాత్రం భార్య తల వైపు చూసి, వెంటనే కళ్ళు దించుకున్నాడు. చూడకూడనిది చూసినట్టు సిగ్గుపడ్డాడు పాపం.

కోడలు డాక్టరమ్మకు ఫోను చేసింది. ఆదివారమని విసుక్కుంటుందేమో అనుకుంది. ఆవిడ విసుక్కోలేదు. అత్తగారి సంగతీ కాళ్ళ మంట సంగతీ చివరిదాకా వింది. తర్వాత ఫోను అందరికీ వినపడేలా పెట్టమంది.

చేతిగోళ్ళు చూడమంది ముందు. అతను చేతులు వెలుతురుకు పెట్టాడు. ప్రతి గోరు మీదా అడ్డంగా తెల్లటి గీత. అత్తగారి గోళ్ళ మీదా అదే గీత. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. గోళ్ళు ఎవరు చూసుకుంటారు?

"ఇంట్లో నలుగురు. ఇద్దరికి వచ్చింది, ఇద్దరికి రాలేదు," అంది డాక్టరమ్మ. "ఆ ఇద్దరి ఒంట్లోకి వెళ్ళి, మిగతా ఇద్దరి ఒంట్లోకి వెళ్ళనిది ఏమిటో చెప్పండి. తొందరపడకండి. ఆలోచించి చెప్పండి."

నలుగురూ ఆలోచించారు. నీళ్ళు అందరివీ ఒకటే. తలనూనె ఒకటే సీసా, సబ్బు ఒకటే. పాలు, కూర, ఉప్పు, అన్నీ ఒక పొయ్యి మీదివే. అతను షాపుకు వెళ్తాడు, అత్తగారు గడప దాటదు. ఇద్దరికీ కలిసే చోటు ఎక్కడ?

"రాత్రి రొట్టె," అన్నాడు అతను.

నిజమే. అత్తగారికి చక్కెర వ్యాధి, రాత్రిపూట అన్నం ముట్టదు. అతను పొట్ట తగ్గాలని తల్లితోపాటు రొట్టె పట్టాడు. బైండరుగారికి పళ్ళు సగం లేవు, మెత్తటి అన్నం ఉంటే తప్ప ముద్ద దిగదు. కోడలికి చిన్నప్పటినుంచీ గోధుమ పడదు. తింటే కడుపు ఉబ్బుతుంది.

రొట్టె అనగానే కోడలి చూపు వంటింటి వైపు వెళ్ళింది. ఎందుకో ఆమెకు అప్పటికి తెలియలేదు. చేసేది తనే కాబట్టి అనుకుంది.

డాక్టరమ్మ గొంతు మారింది. "మీ ఇంట్లో ఎలుకల మందు ఉందా? ఇప్పటిది కాదు. పాతకాలంది. తెల్లటి పొడి, రుచీ వాసనా ఉండవు. ఇప్పుడు చాలా చోట్ల అమ్మనివ్వరు. అది ఒంట్లోకి కొంచెం కొంచెంగా వెళ్తే ముందు ఊడేది జుట్టే."

బైండరుగారు కుర్చీలోంచి లేచాడు. ఈసారి ఎందుకు లేచాడో ఆయనకు తెలుసు. మెట్లు దిగి కింద తన పనిగదిలోకి వెళ్ళాడు. వెళ్ళినంతసేపు పట్టలేదు రావడానికి. చేతిలో తుప్పు పట్టిన రేకు డబ్బా ఉంది. దాని మీద అంటించిన కాగితం సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో ఎలుక తోక మాత్రం కనపడుతోంది.

ఆయన ఫోను దగ్గరికి వంగి, తప్పు చేసిన పిల్లాడిలా నిదానంగా చెప్పుకొచ్చాడు. జిగురు పిండితో కాస్తాడు కదా, పిండి రుచికి పురుగులూ ఎలుకలూ చేరి పుస్తకాల వీపులు కొరికేస్తాయి. అందుకని బైండింగు చేసేవాళ్ళు జిగురులో ఏదో ఒకటి కలుపుతారు. ఆయన జీవితమంతా మైలుతుత్తం కలిపాడు. దాంతో ఒక బెడద. కాగితం అంచులకు నీలం పట్టుకుంటుంది. ఆమధ్య ఒక పాత గ్రంథాలయం ఖాళీ చేస్తుంటే అక్కడి కాపలాదారు ఈ డబ్బా ఇచ్చాడు. ఎలుకలు దగ్గరికి కూడా రావన్నాడు. తెల్లటి పొడి కాబట్టి కాగితానికి మరక పడదని ఈయన సంతోషించాడు. రోజూ కొలిచి కలపడం ఎందుకని పిండి డబ్బా మొత్తంలో ఒకేసారి కలిపి పెట్టుకున్నాడు. పొద్దున్నే వేణ్ణీళ్ళు పోస్తే జిగురు తయారు.

"చేతులు సబ్బుతో కడుక్కునే పైకి వస్తానమ్మా," అన్నాడు. "ఆ పిండి పనిగది దాటి రాదు. మా ఇంట్లో అందరికీ తెలుసు. వీడు పాకే వయసులోనే నేర్పాం, నాన్న పిండి ముట్టుకోకూడదని."

"మరి ఎలా వెళ్ళింది?" అంది డాక్టరమ్మ.

జవాబు అత్తగారు చెప్పింది.

"ఈయన చేతులకు అంటుకునే వచ్చి ఉంటుంది. ఇంకెవరండీ ఆ గదిలోకి వెళ్ళేది? నేను మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో. మా కోడలు పొద్దున్నే టీ ఇచ్చి వచ్చేస్తుంది, పాపం దానికి ఆ పిండేమిటో కూడా తెలియదు."

మా కోడలు. పాపం. ఆ రెండు మాటలూ ఆ నోట వినాలని ఆమె ఎన్ని రోజులు ఎదురుచూసింది. ఇవాళ వినపడ్డాయి. వినపడగానే తను చేసే రొట్టెలు గుర్తొచ్చాయి.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె రొట్టెలు తోలులా వచ్చేవి. అత్తగారు తుంపి చూపించి, దీంతో ఈయన అట్టలు కట్టుకోవచ్చు అనేది. ఆవిడ హాస్యానికే అన్నా ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ ఉపాయం చెప్పింది. గోధుమపిండిలో గుప్పెడు మైదా కలుపు, పువ్వుల్లా వస్తాయి. చక్కెర ఉన్న మనిషికి మైదా పనికిరాదు, వంటింట్లో కనపడితే అత్తగారు ఊరుకోదు. కానీ కింద మామగారి గదిలో మైదా డబ్బా నిండా ఉంది. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆయన పుస్తకాలు ఇచ్చిరావడానికి బయటికి పోయాడు. ఒక సీసాలోకి తీసుకుంది. తెల్లగా, జల్లించినట్టు శుభ్రంగా ఉంది. నీలంగా ఉంటే ఆగేదేమో. ఆ సీసాను పోపు డబ్బాల వెనక పెట్టింది.

ఆ రాత్రి అత్తగారు ఇంకో రొట్టె అడిగింది. ఇవాళ బాగున్నాయమ్మాయ్ అంది. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మొదటి మెప్పు అది. సీసా ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ తెచ్చింది. తలనొప్పిగా ఉంది తినలేనని భర్త అంటే, సగమన్నా తినండని తుంపి నోట్లో పెట్టింది.

ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మామగారి చేతులని అందరూ నమ్ముతారు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అంటే అబద్ధం. కానీ ఫోనులో డాక్టరమ్మ అంటోంది, మందు ఉంది, విరుగుడు ఇవ్వొచ్చు, ఎంత వెళ్ళిందో ఎన్నాళ్ళు వెళ్ళిందో తెలియాలి, చేతులకు అంటిందైతే ఒక లెక్క, తిండిలో కలిసిందైతే ఇంకో లెక్క.

కోడలు వంటింట్లోకి వెళ్ళింది. పోపు డబ్బాలు పక్కకు జరిపి సీసా తీసి పట్టుకొచ్చింది. సగానికి కొంచెం తక్కువుంది.

"మామయ్యా, ఇది మీ డబ్బాలోదే," అంది. "రొట్టెలు మెత్తగా రావాలని నేనే రోజూ గుప్పెడు కలిపాను."

డాక్టరమ్మ ఫోనులోంచి, మాట్లాడుతున్నది ఎవరు, ఎంత కలిపారు, ఎప్పటినుంచి అని వరసగా అడిగింది. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. పరీక్షలో చెప్పినట్టు చెప్పింది. ఇద్దర్నీ ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకురండి, డబ్బా సీసా రెండూ తీసుకురండి, దారిలో ఏమీ తిననివ్వకండి అని డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

బైండరుగారు మెట్ల మీద కూలబడ్డాడు. తన తెల్లజుట్టు రెండు చేతులతో పట్టుకుని, నేను చెప్పలేదు, కొత్తపిల్లకు నేను చెప్పలేదు అని గొణుక్కుంటున్నాడు. అత్తగారు కోడలి వంక చూస్తూ నిలబడింది. చెయ్యి తన తల మీదికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక, మళ్ళీ కిందికి వచ్చింది.

ఫోను మాట్లాడుతున్నంతసేపూ అతను నిలబడటానికి భార్య భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ చెయ్యి తీసి గోడకు ఆనించుకున్నాడు.

"చెప్పకుండా ఎందుకు దాచావు?"

"అత్తయ్యకు మైదా పనికిరాదు కదండీ. తెలిస్తే మానిపిస్తారని."

"పనికిరాదని తెలిసీ పెట్టావు."

ఆమె ఏదో అనబోయింది. ఆ వాక్యాన్ని తను ఎటు తిప్పినా అలాగే వినపడుతుందని అప్పుడు తెలిసింది.

"నువ్వు ఒక్కసారి కూడా తినలేదు," అన్నాడు అతను. అరవలేదు. కోపం కూడా లేదు ఆ గొంతులో. షాపులో ఫ్రేము సరిపోతుందో లేదో కనుక్కునే గొంతుతో అడిగాడు. "నీకు నిజంగా తెలియదా?"

పొద్దున అత్తగారు నువ్వొచ్చాకే అన్నప్పుడు గుచ్చుకుంది. అది ఈ ప్రశ్న ముందు ఎంత. భార్యను నిందించేవాడైతే తిరిగి పోట్లాడొచ్చు. ఇతను నిందించడం లేదు. ఇతను నిజంగానే అడుగుతున్నాడు.

"తెలియదండీ."

అతను విన్నాడు. విని తల ఊపాడు. నమ్మి ఊపాడో విన్నానని ఊపాడో ఆమెకు అంతుపట్టలేదు. ముందుకు వచ్చి ఆమె చేతిలోని సీసా తీసుకున్నాడు. మూత దగ్గర పట్టుకుని, ఆమె వేళ్ళు తనకు తగలకుండా, జాగ్రత్తగా తీసుకున్నాడు.

"నాన్నా, మీరు లేవండి. మాతో మీరు రండి," అన్నాడు. "తను ఇంట్లోనే ఉంటుంది."

బైండరుగారు లేచి డబ్బా పట్టుకుని తలుపు తీశాడు. అతను చెప్పులు వేసుకోబోయి, మంటకు వేసుకోలేక, వట్టికాళ్ళతోనే వీధిలోకి దిగాడు. వెనక అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, ఒక కాలు గుమ్మం అవతల పెట్టి, కోడలి వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది.